256 జీబీ అని అమ్మారు, లోపల 4 జీబీ కూడా లేదు: ఈ పెన్‌డ్రైవ్‌లతో జాగ్రత్త

చవకగా వస్తోందని పెద్ద పెన్‌డ్రైవ్‌ కొనబోతున్నవారు దయచేసి ఇది చదివాక కొనండి.

2025 అక్టోబరు 14తో విండోస్‌ 10కు ఉచిత మద్దతు ముగిసింది. మా చెల్లెలి లాప్‌టాప్‌లో విండోస్‌ 11 వేద్దామని ఆన్‌లైన్‌లో 256 జీబీ డ్రైవ్‌ తెప్పించాను. పేరున్న 32 జీబీ డ్రైవ్‌ కంటే తక్కువ ధర. అక్కడే నాకు అనుమానం రావలసింది.

విండోస్‌ ఎక్కించే డ్రైవ్‌ తయారుచేసే మైక్రోసాఫ్ట్‌ మీడియా క్రియేషన్‌ టూల్‌తో దాన్ని బూటబుల్‌ చేశాను, అంటే లాప్‌టాప్‌ ఆ డ్రైవ్‌తోనే మొదలయ్యేలా చేశాను. ఎక్కడా లోపం చూపలేదు. లాప్‌టాప్‌ దాంతో బూట్‌ అయింది, భాష అడిగింది, పాత పార్టిషన్‌ (పాత విండోస్‌ ఉన్న డిస్కు భాగం) చెరిపింది. ఆ తర్వాత ఫైళ్లు ఎక్కుతూ ఎక్కుతూ 38 శాతం దగ్గర నిలిచిపోయింది. అవసరమైన ఫైళ్లు పాడయ్యాయి లేదా లేవు అన్న సందేశం వచ్చింది. మళ్లీ డౌన్‌లోడ్‌ చేశాను, పోర్టు మార్చాను, సెక్యూర్‌ బూట్‌ అనే భద్రతా సెట్టింగ్‌ ఆపి చూశాను. ర్యామ్‌ పోయిందేమోనని మెకానిక్‌కు 500 రూపాయలు ఇచ్చాను. పది రోజులు లాప్‌టాప్‌నే తప్పుపట్టాను. చివరికి పక్కింటివాళ్ల పాత 16 జీబీ డ్రైవ్‌తో ప్రయత్నిస్తే ఒక్క పూటలో పని అయిపోయింది.

అప్పుడు హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ డ్రైవ్‌ను పరీక్షించాను. అది డ్రైవ్‌ నిండా డేటా రాసి, తిరిగి చదివి సరిపోల్చుతుంది. తెల్లవారి చూస్తే నిజంగా నిలిచింది 3.6 జీబీ మాత్రమే! ఇలాంటి నకిలీ డ్రైవ్‌లలో డ్రైవ్‌ను నడిపే కంట్రోలర్‌ చిప్‌ చేతే 256 జీబీ అని అబద్ధం చెప్పిస్తారు. విండోస్‌ ఆ మాటే నమ్మి చూపిస్తుంది, మామూలుగా ఫార్మాట్‌ చేసినా బయటపడదు. ఫైళ్ల పట్టిక సాధారణంగా డ్రైవ్‌ మొదట్లోనే ఉంటుంది కాబట్టి పేర్లన్నీ కనిపిస్తాయి, కానీ అసలు చోటు నిండాక ఎక్కించిన ఫైళ్లు తెరిస్తే లోపల సరైన డేటా ఉండదు. చెల్లెలి ప్రాజెక్టు ఫైళ్లు వేరే హార్డ్‌డిస్కులో పెట్టాం కాబట్టి సరిపోయింది. ఇందులోనే దాచి ఉంటే ఆమె ఏడాది కష్టం పోయేది, తలచుకుంటేనే భయం వేస్తోంది.

కొన్న రోజే, డ్రైవ్‌ ఖాళీగా ఉండగానే పరీక్ష పెట్టండి. లైనక్స్‌ వాడేవారికి ఇదే పని చేసే ఎఫ్‌3 అనే సాఫ్ట్‌వేర్‌ ఉంది. పెద్ద డ్రైవ్‌కు రాత్రంతా పట్టవచ్చు, ఓపిక పట్టండి. నాకు వాపసు గడువు ఏడు రోజులే, నేను కనుక్కునేసరికి అది దాటిపోయింది. అమ్మినవారు చేతులెత్తేశారు. బిల్లు, పరీక్ష ఫలితం ఫొటో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఇలాంటి డ్రైవ్‌ ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, అందులోని ఫొటోలు ఈ రోజే ఒక్కొక్కటీ తెరిచి చూడండి.