వీణ పక్కన వర్జినల్: ఏడాది వాడాక చెబుతున్నా

నెల్లూరు మూలాపేటలో మా ముందుగదిలో వీణ పక్కన ఇప్పుడో చెక్కపెట్టె ఉంది. మూత తీస్తే 45 మీటలు. హార్మోనియం అనుకుని మీట నొక్కినవాళ్లు ఉలిక్కిపడి తలెత్తుతారు, లోపల ఎవరో తీగ మీటినట్టు వినిపిస్తుంది కదా! ఇది వర్జినల్, పియానో రాకముందు యూరప్‌లో వాయించిన హార్ప్సికార్డ్ అనే తీగల కీబోర్డు వాద్యానికి చెల్లెలు. ఒక్కో మీటకు ఒక్కటే తీగ. మా అబ్బాయి జర్మనీ నుంచి విడిభాగాల కిట్‌గా తెచ్చాడు. బిగించడానికి నాకూ మా ఆయనకూ రెండు నెలలు పట్టింది.

మీట వెనక చివర జాక్ అనే సన్నటి చెక్కముక్క నిలబడి ఉంటుంది. మీట నొక్కితే అది లేచి, దానికున్న ముల్లు తీగను మీటుతుంది. వేలు తీస్తే ముల్లు పక్కకు తప్పుకుని, మళ్లీ మీటకుండా దిగిపోతుంది. ఫెల్టు ముక్క వచ్చి తీగను ఆపేస్తుంది. పూర్వం ముల్లుకు కాకి ఈక కాడ వాడేవారు, మా దాంట్లో ప్లాస్టిక్. ముప్పై ఏళ్లు వీణ మీటిన వేలు నాది. ముల్లు తీగకు తగిలి ఆగే ఆ లిప్తపాటు, ఆపైన తీగను వదిలేయడం మీట మీదున్న వేలికి స్పష్టంగా తెలుస్తాయి. ఎలక్ట్రానిక్ కీబోర్డులో ఇది దొరకదు. గట్టిగా నొక్కినా మెత్తగా నొక్కినా శబ్దం మాత్రం ఒక్కటే. గమకం కోసమైతే దీన్ని కొనకండి.

ఇక శ్రుతి సంగతి. కిట్‌తో వచ్చిన కాగితంలో రెండు పద్ధతులు ఇచ్చారు. మొదటిది నేటి కీబోర్డుల్లో ఉండే సమాన విభజన, అంటే స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేయడం. అలా చేసి తంబూర పెట్టుకుంటే గాంధారం ఎత్తుగా, గుచ్చుకుంటున్నట్టు ఉంది. రెండోది 16, 17 శతాబ్దాల్లో ఈ వాద్యాలకు వాడిన మీన్‌టోన్. అందులో అంతర గాంధారం షడ్జానికి సరిగ్గా 5:4 నిష్పత్తిలో నిలుస్తుంది. తంబూర మంద్ర షడ్జంలోంచి దానంతట అదే పలికే గాంధారం ఉందే, అచ్చంగా అదే. ఆ సాయంత్రం స, గ రెండు మీటలూ మళ్లీ మళ్లీ నొక్కుతూ, పొయ్యి మీద పాల సంగతే మర్చిపోయాను. అయితే ఆ గాంధారం కోసం పంచమాన్ని రవ్వంత దించాలి. వీణ చెవికి ఆ రవ్వంత చాలా ఎక్కువ. ఇంకో మీటను షడ్జం చేసుకుని మొదలుపెడితే కొన్ని స్వరాలు ఊళ పెడతాయి. యూరప్‌వాళ్లు దానికి పెట్టిన పేరు కూడా తోడేలే. అయినా నేను మీన్‌టోన్‌లోనే ఉంచుకున్నా. తంబూర ఆపేసి వాయించుకుంటున్నా.

మన ఊరి గాలి దీనికి పడదు. కార్తీకం వానలకు తీగల కింది పలక ఉబ్బి శ్రుతి పైకి పోయింది, మే నెల వడగాడ్పులకు కిందికి జారింది. వానల్లో వారానికి రెండుసార్లు శ్రుతి చేశాను. ఒక తీగ తెగితే వీణ సారణి తీగ వేయబోయాను. మందం ఎక్కువ, కుదరలేదు. జాక్‌లు ఉబ్బి మూడు బిగుసుకున్నాయి, ఒకటి విరిగింది. అమ్మినవాళ్లకు రాస్తే నెల దాటినా జవాబు లేదు. విరిగిన ముక్కలు తీసుకుని ఉదయగిరి వెళ్లాను. చెక్క గరిటెలు చెక్కే ఒకావిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, "గరిటె కాడ కన్నా సన్నంగా ఉందేందమ్మా" అంటూనే గంటలో అచ్చు దించింది. పాత ముల్లు అందులో బిగించాను. ఆ మీట ఇప్పుడు మిగతావాటికన్నా చక్కగా పలుకుతోంది.

1666లో లండన్ తగలబడినప్పుడు జనం సామాను పడవల్లోకి ఎక్కించుకుని థేమ్స్ నది మీదికి వెళ్లారు. ఇంటి సామాను ఉన్న పడవలు మూడింటిలో ఒకదాంట్లోనైనా వర్జినల్ కనిపించిందని ఆ మంటల్ని కళ్లారా చూసిన లండన్ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ తన డైరీలో రాసుకున్నాడు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు వెంకటేశ్వరపురంలో మా అక్క వాళ్లింట్లో బియ్యం బస్తా కంటే ముందు మేడెక్కింది వీణే. అందుకే ఆ పడవలవాళ్లు నాకు పరాయివాళ్లలా అనిపించరు.

సొంతంగా శ్రుతి చేసుకోగలిగినవాళ్లు నిశ్చింతగా కొనండి. ఇంకొకరి మీద ఆధారపడాల్సి వస్తే వద్దు, ఇక్కడ చేసేవాళ్లు దొరకరు. కిట్‌కు ఆర్డరు చెప్పేటప్పుడే తీగలు ఒక సెట్టు, జాక్‌లు నాలుగు, ముళ్లు ఒక పొట్లం అదనంగా అడిగి పెట్టుకోండి.