ముంబయి లాడ్జి ముంచింది, సాతారా అవ్వ నిలబెట్టింది

ఊరు దాటి మారథాన్‌కి పోయేవాళ్లు బూట్ల గురించి నెలల తరబడి మాట్లాడుకుంటారు. శక్తినిచ్చే ఏ జెల్ ప్యాకెట్ ఎన్నో కిలోమీటరు దగ్గర మింగాలో లెక్కలు వేస్తారు. పడుకోబోయే గది గురించి మాత్రం ఎవరూ పట్టించుకోరు. 2025లో మా హన్మకొండ పరుగు జట్టుతో కలిసి తిరిగి వచ్చాక నాకు ఒక్క విషయం గట్టిగా తెలిసింది. రేసు ముందు రాత్రి మనకు గది ఇచ్చినవాడు మంచివాడా కాదా అన్నదాని మీద, ఆర్నెల్ల సాధన ఎంత నిలుస్తుందన్నది ఆధారపడి ఉంటుంది. అందుకే ఇది టైమింగ్‌ల చిట్టాలా కాకుండా, ఎక్కడ దిగాం, ఎవరు ఎంత తీసుకున్నారు, ఏం పెట్టారు అన్నదే రాస్తున్నాను.

మాది చిన్న జట్టు. తెల్లవారుజామున భద్రకాళి బండ్ మీద కలుస్తాం. ఆదివారం లాంగ్ రన్ ఉంటే హంటర్ రోడ్డు మీదుగా ఖిలా వరంగల్ దాకా. నెలకు మనిషికి 200 చందా. అరటిపళ్లు, నీళ్ల డబ్బాలు, ఎవరికైనా ఎంట్రీ ఫీజు కట్టడం కష్టమైతే సర్దుబాటు, అన్నీ అందులోంచే. పెద్ద దిక్కు రిటైరైన పీఈటీ సార్. డబ్బు లెక్క ఎల్‌ఐసీ అన్న చేతిలో ఉంటుంది. డిగ్రీ చదివే తమ్ముడు మాలో అందరికంటే వేగం. ఆ ఏడాది మా అందరి ఆశా నర్సు అక్క మీద. మా జట్టులో అంతవరకు ఆడవాళ్లెవరూ ఫుల్ మారథాన్ (42 కిలోమీటర్లు) పరుగెత్తలేదు. నైట్ డ్యూటీ దిగి, యూనిఫాం బ్యాగులో కుక్కుకుని నేరుగా బండ్ మీదికి వచ్చేది అక్క. డిసెంబరు చలిలో ముప్ఫై కిలోమీటర్ల పరుగు పూర్తిచేసి, ఇంటికి పోయి పిల్లల టిఫిన్ డబ్బాలు కట్టేది. ముంబయిలో అయిదు గంటల్లోపు ముగించాలన్నది ఆమె పట్టుదల.

జనవరి మూడో ఆదివారం ముంబయి మారథాన్. 2025లో అది 19వ తేదీ, పైగా ఇరవయ్యో ఎడిషన్. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఎక్కితే నేరుగా ముంబయి పెద్ద స్టేషన్ సీఎస్‌ఎంటీలోనే దింపుతుంది. ఫుల్ మొదలయ్యేదీ సీఎస్‌ఎంటీ ముందు నుంచే. అందుకని నడిచిపోయేంత దూరంలో, ఫోర్ట్ వైపు ఓ సందులో ఉన్న లాడ్జిలో నవంబరులోనే మూడు గదులు మాట్లాడాం. గది రోజుకు 2,400, రెండు రాత్రులు, మొత్తం 14,400. యూపీఐలో 3,000 అడ్వాన్సు పంపాం.  వాట్సాప్‌లో రేటు కూడా రాసి పంపారు.

శుక్రవారం తెల్లవారకముందే సామాన్లతో కౌంటర్ దగ్గర నిలబడితే మేనేజర్ రిజిస్టరు తిప్పుతూ, అది మామూలు రోజుల రేటు, మారథాన్ వారాంతానికి గది 4,200 అన్నాడు. ఎల్‌ఐసీ అన్న వాట్సాప్ మెసేజ్ తీసి చూపించాడు. అది పంపిన కుర్రాడు ఉద్యోగం మానేశాడట. మరి మా అడ్వాన్సు ఎవరి ఖాతాలోకి వచ్చిందని పీఈటీ సార్ అడిగితే జవాబు లేదు. బయటికి పోయి వేరే లాడ్జీలు అడిగి చూశాం. ఎక్కడా గదుల్లేవు. ఆ సంగతి అతనికి మాకంటే బాగా తెలుసు. గంటన్నర గొడవ పడ్డాక 3,600కి దిగాడు. ఇచ్చిన గదుల్లో ఒకదానికి కిటికీయే లేదు. పెద్ద గదిని ప్లైవుడ్ చెక్కతో రెండుగా చేశారు. పక్కవాళ్ల దగ్గు మన చెవిలోనే వినపడుతుంది. అదనపు పరుపుకి రాత్రికి 500 అన్నారు. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మాత్రమే. తెల్లవారకముందే లేచి వెళ్లేవాళ్లకి ఆ వేడినీళ్లతో ఏం పని?

ఇదంతా డబ్బు నష్టం. దాన్ని మరిచిపోవచ్చు. మరిచిపోలేనిది ఆదివారం తెల్లవారుజాము.

అయిదింటికి పరుగు మొదలు. నాలుగింటికల్లా అక్కడ ఉండాలని మూడుంబావుకి కిందికి దిగాం. మెట్ల చివర ఇనుప గ్రిల్‌కి తాళం! అవతల వాచ్‌మన్ ముసుగుతన్ని నిద్ర. లేపితే తాళంచెవి మేనేజర్ దగ్గరుందన్నాడు. మేనేజర్ ఫోను స్విచాఫ్. ముందు రోజు రాత్రే పీఈటీ సార్ స్వయంగా వెళ్లి మూడింటికి పోతాం అని చెప్పి వచ్చారు. సరే సరే అని తలూపాడు కూడా. తమ్ముడు గ్రిల్ పట్టుకుని ఊపుతుంటే పై అంతస్తుల్లోంచి తిట్లు. నర్సు అక్క మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. భయంతో కాదు, కోపంతో. “మా ఆస్పత్రిల ఇట్ల తాళమేసి పోతే మనుషులు సస్తరు సార్” అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. నిప్పు అంటుకుంటే అంతమందిమి ఎటు పోయేవాళ్లం? ఎట్టకేలకు, వీధి చివర ఎక్కడో పడుకున్న మరో పనివాడు మారు తాళంచెవితో వచ్చాడు.

అక్క తెచ్చుకున్న రాగిజావ తాగనే లేదు. వాష్‌రూమ్ లైన్లో నిలబడే వ్యవధి కూడా దొరకలేదు. అలాగే స్టార్ట్ లైన్ దాటింది.

ఇంత జరిగినా ముంబయి పరుగుని తక్కువ చేసి చెప్పలేను. మామూలు రోజుల్లో కాలినడకన అడుగు పెట్టనివ్వని బాంద్రా-వర్లీ సీ లింక్ మీద పరుగెత్తడం ఒక భాగ్యం. ఊరి జనం ఇళ్ల ముందు నిలబడి నారింజ తొనలు, బెల్లం చిక్కీ, ఉప్పు పంచుతారు. వర్లీ దగ్గర నా చేతిలో తొన పెట్టిన పెద్దాయన బనియన్ మీద వరంగల్ పేరు చూసి “మన దిక్కోళ్లేనా?” అన్నాడు. వాళ్ల తాత మిల్లు పనికి కరీంనగర్ నుంచి వచ్చాడట. అక్కడ ఆగి రెండు మాటలు మాట్లాడినందుకు నా టైమింగ్ ఎంత పోయినా ఫరవాలేదు. ముప్ఫై అయిదు దాటాక వచ్చే పెడ్డర్ రోడ్డు ఎత్తు మాత్రం అందరి ఉసురూ తీస్తుంది. పీఈటీ సార్ 4 గంటల 26 నిమిషాల్లో వచ్చారు. అక్కకి ముప్ఫయ్యో కిలోమీటరు నుంచే కడుపులో తిప్పింది. 5 గంటల 19 నిమిషాలు పట్టింది. మా జట్టులో ఫుల్ పూర్తిచేసిన మొదటి మహిళ! అందరం ఎగిరి గంతేశాం. ఆమె మాత్రం పతకం చూసుకుంటూ “ఆ పంతొమ్మిది నిమిషాలు ఆ తాళానివే” అంది.

మెడలో పతకాలతో లాడ్జికి వస్తే మా బ్యాగులు వరండాలో పడేసి ఉన్నాయి. చెక్‌అవుట్ తొమ్మిదింటికట. గదికి మరో 1,000 కడితేగానీ స్నానానికి తాళం ఇవ్వనన్నారు. కట్టాం. గదులకు 21,600, పరుపుకి 1,000, ఆలస్యానికి 3,000. మొత్తం 25,600. మాట్లాడుకున్నదాని మీద 11,200 ఎక్కువ. మా చందా డబ్బులో చాలా నెలల కష్టం అది. రశీదు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు.

ముంబయికి పోయేవాళ్లకి నా సలహా ఇది. స్టార్ట్ లైన్ పక్కనే గది కావాలన్న ఆశ వదిలేయండి. రేసు రోజు తెల్లవారుజామున మధ్య రైల్వే, పశ్చిమ రైల్వే ప్రత్యేక లోకల్ రైళ్లు నడుపుతాయి. ముందు రోజుల్లో వాటి వేళలు ప్రకటిస్తారు. అవి ఆగే స్టేషన్ దగ్గర, చుట్టాల ఇంట్లోనైనా సరే దిగండి. మాటుంగా వైపైతే ఇడ్లీ, పెరుగన్నం వెతుక్కునే పని కూడా ఉండదు. బిబ్ (ఛాతీకి పెట్టుకునే నంబరు) తీసుకోవడానికి బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌కి ఎలాగూ పోవాలి. రేసు రోజు బిబ్‌లు ఇవ్వరు, శనివారం దాకా ఆగితే క్యూలో కాళ్లు అరుగుతాయి. గది ఎక్కడ తీసుకున్నా తేదీ వేసి, ఆ తేదీకి రేటు, ఆదివారం చెక్‌అవుట్ వేళ, తెల్లవారుజామున మూడింటికి గేటు ఎవరు తీస్తారు అన్నవి రాతపూర్వకంగా తెప్పించుకోండి. అన్నిటికంటే చివరిదే ముఖ్యం.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్. చెల్లెలింట్లో దిగాం, నెక్లెస్ రోడ్డులో మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసింది, ఫ్లైఓవర్లు, ఉక్కపోత తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. మొదలైన చోటా ముగిసిన చోటా వేరు కాబట్టి బండి ఎక్కడ పెట్టాలో ముందే చూసుకోండి.

ఇక మహారాష్ట్రలోని సాతారా. సెప్టెంబరులో అక్కడి హిల్ హాఫ్ మారథాన్‌కి ఎంట్రీలు తెరిచీ తెరవగానే అయిపోతాయి. తమ్ముడు లాప్‌టాప్ ముందు కూర్చుని పట్టాడు కాబట్టి సరిపోయింది. ఊళ్లోంచి యవతేశ్వర్ ఘాట్ ఎక్కి, మళ్లీ అదే దారిన దిగి రావాలి. మడికొండ మెట్టుగుట్ట రోడ్డు మీద వేసవంతా ఎక్కి దిగి సాధన చేశాం. హైదరాబాద్ నుంచి పుణెకు రాత్రి బస్సు, అక్కడి స్వార్‌గేట్ బస్టాండు నుంచి ఎస్టీ (ప్రభుత్వ) బస్సు. రైల్లో వెళ్లేవాళ్లు సాతారా స్టేషన్ ఊరికి దూరమని గుర్తుంచుకోవాలి.

ముంబయి దెబ్బతో ఎల్‌ఐసీ అన్న ఎవర్నీ నమ్మే స్థితిలో లేడు. బస్టాండు దగ్గరి లాడ్జిలో గది 1,300 అంటే, వారాంతం రేటు, పరుపు రేటు, ఆలస్యం రేటు అన్నీ ఒక్కొక్కటిగా అడిగాడు. యజమాని విసుక్కోలేదు. ఓ కాగితం మీద మరాఠీలో అన్నీ రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. రేసు రోజు మూడున్నరకి తలుపు తట్టి, వేడినీళ్ల బకెట్లు గదుల ముందు పెట్టించాడు. దానికి వేరే పైసా తీసుకోలేదు.

ఆ లాడ్జి ఎదుటి సందులో ఓ ఖానావళ్ ఉంది. అంటే మన పూటకూళ్ల ఇల్లే. నాలుగు బల్లలు, గోడకి విఠోబా పటం, పొయ్యి దగ్గర డెబ్బై ఏళ్ల అవ్వ. అందరూ ఆజీ అంటారు, మేమూ అలాగే పిలిచాం. భోజనం 110. పిఠ్లా అనే శనగపిండి కూర, వేడివేడి జొన్న భాక్రీ, పచ్చిమిర్చి ఠేచా పచ్చడి, మొలకల ఉసళ్ కూర, చివర్లో పప్పూ అన్నం. జొన్నరొట్టె మాకు కొత్త కాదు, ఇంట్లో అమ్మలు చేసినవి తిని పెరిగినవాళ్లమే. కానీ పెనం మీంచి నేరుగా కంచంలోకి పొంగుతూ వచ్చే ఆ భాక్రీ, మీద వేసిన వెన్నముద్ద, ఇంత కమ్మటి తిండి నేను ఏ పరుగు ఊళ్లోనూ తినలేదు. పీఈటీ సార్ రేసు ముందు కారం వద్దని మమ్మల్ని హెచ్చరించి, తనే రెండోసారి ఠేచా వేయించుకున్నారు.

అక్క మాత్రం భయంభయంగా సగం రొట్టెతో ఆపింది. ఆజీ గమనించింది. అక్కకి వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో ముంబయి కథంతా చెప్పింది. ఆజీ విని, పొద్దున ఎన్నింటికి పోతారని మాత్రం అడిగింది. అయిదింటికి అన్నాం. తెల్లవారి నాలుగున్నరకి కిందికి వస్తే సందులో ఆ ఒక్క ఇంట్లోనే దీపం వెలుగుతోంది. నూనె తక్కువ వేసిన పోహే, అంటే అటుకుల ఉప్మా, పలచటి చాయ్. అక్కకి వేరుగా గిన్నెలో పెరుగు కలిపిన మెత్తటి అన్నం. మనిషికి 30 తీసుకుంది. ఎక్కువ ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టింది. మేం వెళ్లింది గిరాకీగా కాదు, ఆకలితో. ఆ తేడా తెలిసిన మనిషి ఆవిడ.

ఆరోజు ఘాట్ అంతా మబ్బు. వాన ముసురు. ఎక్కేటప్పుడు ముందున్నవాడి వీపు తప్ప ఏమీ కనపడదు, దిగేటప్పుడు లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ఊళ్లో జనం ఢోలు తాషాలతో దారి పొడుగునా నిలబడ్డారు. ఎత్తు ఎక్కడం కంటే దిగడమే తొడలని పిండుతుంది. కొత్తవాళ్లు దిగేటప్పుడు ఊరికే దూకకండి. తమ్ముడు 1 గంట 43 నిమిషాలు, జట్టులో ఆ ఏటి మేటి పరుగు అదే. అక్క 2 గంటల 21. నడవకుండా కొండ మొత్తం ఎక్కింది. మధ్యాహ్నం మళ్లీ ఆజీ దగ్గరే భోంచేశాం. మర్నాడు కొండ మీది పూల మైదానం కాస్ పఠార్ చూశాం. ఆన్‌లైన్‌లో ముందే ప్రవేశం తీసుకోవాలి, శని ఆదివారాల్లో జనం పూలని కనపడనివ్వరు, సోమవారమే పోండి. ఇంటికి అక్కడి పాల మిఠాయి కందీ పేడా తెచ్చాం.

సాతారాలో బస, తిండి అన్నీ కలిపి మనిషికి 2,150 అయింది. ముంబయిలో గదికి కట్టిందే మనిషికి అంతకంటే ఎక్కువ.

డిసెంబరులో విశాఖ నేవీ మారథాన్‌తో ఏడాది ముగించాం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే పొద్దుటికి విశాఖ. స్టేషన్ దగ్గరి సత్రంలో గది 900. దుప్పట్లు పాతవి, దోమలున్నాయి, కాయిల్ మనమే కొనుక్కోవాలి. కానీ అక్క కౌంటర్ దగ్గరికి వెళ్లి మొట్టమొదట గేటు సంగతి అడిగితే, గుమస్తా గారు “అమ్మా, నేనిక్కడే పడుకుంటాను, తాళంచెవి నా నడుముకే ఉంటుంది” అని చూపించారు. చెప్పినట్టే మూడింటికి లేచి తీశారు. తొమ్మిదికి ఖాళీ చేయమనలేదు, పరుగయ్యాక మధ్యాహ్నం దాకా ఉండమన్నారు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు రోడ్డు ఎత్తుపల్లాలే, తిరుగుదారిలో ఎండ ముఖానికి కొడుతుంది, టోపీ తప్పనిసరి. అక్క 4 గంటల 54 నిమిషాల్లో వచ్చింది. బీచ్‌లోని సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర కూర్చుని ముందు ఇంటికి ఫోన్ చేసింది, తర్వాత వచ్చే జనవరికి మాటుంగాలో ఎవరైనా తెలిసినవాళ్లున్నారేమో కనుక్కోమని ఎల్‌ఐసీ అన్నకి పని అప్పజెప్పింది.