డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లు ఇన్నేళ్లు వాడాక: ఏది ఉంచాను, ఏవి తీసేశాను

ముందే చెప్పేస్తున్నా, మీ కంప్యూటర్లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం డ్రైవ్) ఒక్కటే అయితే ఈ రివ్యూ మీకు పెద్దగా అక్కర్లేదు, కింద దానిమీద ఒక ముక్క రాశాను, అది చదివేసి వెళ్లిపోండి. డీఫ్రాగ్ అంటే డిస్క్‌లో ముక్కముక్కలుగా పడి ఉన్న ఫైళ్లని ఒకేచోటకి చేర్చడం, పాత హార్డ్ డిస్క్ ఇంకా తిరుగుతున్నవాళ్ల కోసం రాస్తున్నా ఇది. మా శ్రీకాకుళంలో అలాంటివాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు, పిల్లలు ఇంటర్‌లో ఉన్నప్పుడు కొన్న డెస్క్‌టాప్, దాన్లో 500 జీబీ డిస్క్, సగం పెళ్లి వీడియోలు, మిగతా సగంలో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలీదు.

మాదీ అదే కథ. అసెంబుల్డ్ పీసీ, మొదట విండోస్ ఎక్స్‌పీ, తర్వాత సెవెన్, ఆ తర్వాత టెన్. దీనిమీద నేను వాడినవి: ఎక్స్‌పీతో వచ్చేది, సెవెన్‌తో వచ్చేది, డీఫ్రాగ్లర్, మైడీఫ్రాగ్, మధ్యలో ఇంకో ఫ్రీ సాఫ్ట్‌వేర్, దాని పేరు చెప్పను. చివరికి మిగిలింది డీఫ్రాగ్లర్, అందులో కూడా నేను నిజంగా వాడేది ఒకే ఒక్క ట్యాబు. ఆ ట్యాబు గురించే అసలు ఈ రివ్యూ.

ఎక్స్‌పీ దాంతో మొదలుపెడతా. అది మైక్రోసాఫ్ట్ సొంతంగా చేసింది కాదు, డిస్క్‌కీపర్ అమ్మే ఎగ్జిక్యూటివ్ సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర తీసుకున్నది, వాళ్ల పెద్ద సాఫ్ట్‌వేర్‌కి కుదించిన రూపం. ఎర్ర గీతలు ముక్కలైన ఫైళ్లు, నీలం సరిగ్గా ఉన్నవి, ఆకుపచ్చ కదలనివి, తెలుపు ఖాళీ. ఎనలైజ్ నొక్కడం, ఎర్రగా కనపడటం, రాత్రి పెట్టేసి పడుకోవడం. మా అమ్మ హాల్లోనే పడుకునేది, "ఏట్రా అది, రాత్రంతా టకటకమంటాది, ఎలక దూరిందేటి" అనేది. డిస్క్‌లో డేటా చదివే తల అటూ ఇటూ పరిగెడుతుంటే వచ్చే చప్పుడు అది. ఇంకోటి, డ్రైవ్‌లో 15 శాతం ఖాళీ లేకపోతే అది సరిగ్గా పని చెయ్యనని వార్నింగ్ ఇచ్చేది, మా డీ డ్రైవ్‌లో ఎప్పుడూ అంత ఖాళీ ఉండేది కాదు కాబట్టి ముందు సినిమాలు తీసెయ్యాలి, ఏది తీయాలో ఇంట్లో గొడవ.

అసలు ఈ ముక్కల గొడవ ఏంటో తెలియనివాళ్లకి: ఒక ఫైలు రాయాలంటే డిస్క్‌లో ఒకేచోట అంత ఖాళీ దొరక్కపోతే దొరికినచోటల్లా కొంచెం కొంచెం రాసేస్తుంది. తాతగారి పొలం పంపకాల్లో మీ వాటా చెరువు కింద ఒక మడి, కాలువ పక్కన ఒక మడి, ఊరవతల ఒక మడి వచ్చిందనుకోండి, పని కంటే తిరుగుడే ఎక్కువ, ఇదీ అంతే. 7200 ఆర్‌పీఎం డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు, కావలసిన చోటు తల కిందకి రావాలంటే సగటున అందులో సగం, తల కదలడానికి ఇంకో 9 దాకా, అంటే ఒక్కో గెంతుకి సుమారు 13 మిల్లీసెకన్లు. ఫైలు పది ముక్కలైతే మీకు తెలియను కూడా తెలీదు. అదే ఐదు వేల ముక్కలైతే గెంతులకే ఒక నిమిషం పైన పోతుంది. లెక్క ఇంతే, దీంట్లో మంత్రం ఏమీ లేదు, ఎవరైనా డీఫ్రాగ్ చేస్తే సిస్టమ్ రాకెట్‌లా పోతుందంటే నమ్మకండి.

మా ఇంట్లో ఐదు వేల ముక్కలు ఎలా వచ్చాయంటే టీవీ ట్యూనర్ కార్డు వల్ల. నాన్నకి సాయంత్రం సీరియల్ రికార్డ్ చేసి పెట్టాలి, నాకు క్రికెట్, అదే టైములో ఇంకోపక్క టోరెంట్ దిగుతుంటుంది, రెండూ ఒకే డ్రైవ్‌లో కొంచెం కొంచెంగా పెరుగుతూ ఒకదాని మధ్యలో ఒకటి దూరిపోతాయి. మా బావకి ఫోటో స్టూడియో ఉంది, పెళ్లి క్యాసెట్లు ఫైర్‌వైర్ కేబుల్ మీద కంప్యూటర్లోకి ఎక్కించడానికి మా సిస్టమే వాడేవాడు కొన్నాళ్లు. ఆ క్యాసెట్లలో ఉండే డీవీ వీడియో అంటే గంటకి 13 జీబీ, సెకనుకి 3.6 ఎంబీ ఆగకుండా రాయాలి, ఖాళీ చోటు ముక్కముక్కలుగా ఉన్నప్పుడు, పైగా అదే డిస్క్‌లో ఇంకేదో నడుస్తుంటే మధ్యలో ఫ్రేములు పోతాయి, తాళి కట్టేదగ్గర ఒక్క జెర్క్ వచ్చిందంటే పెళ్లివాళ్లు ఊరుకుంటారా. డీఫ్రాగ్ నాకు నిజంగా ఉపయోగపడింది అక్కడ. క్యాప్చర్ చేసేముందు ఖాళీ జాగా అంతా ఒకేచోటకి చేర్చడం, డీఫ్రాగ్లర్లో దానికి విడిగా ఫ్రీ స్పేస్ డీఫ్రాగ్ అని ఉంది. అది చేసి, టోరెంట్ ఆపేసి పెడితే ఫ్రేములు పోవడం ఆగిపోయింది.

సెవెన్‌కి వచ్చాక మైక్రోసాఫ్ట్ వాళ్లు ఆ రంగుల బొమ్మ తీసేశారు (విస్టాలోనే తీసేశారులెండి, మేం విస్టా వాడలేదు). ఉత్త శాతాలు చూపిస్తుంది. చాలామంది దానికి తిట్టుకున్నారు, నాకైతే పరవాలేదనిపించింది, ఎందుకంటే పని తనంతట తనే చేసుకుంటుంది, షెడ్యూలు ముందే పెట్టి ఉంటుంది, బుధవారం తెల్లవారుజామున ఒంటిగంటకి. మా ఇంట్లో ఒంటిగంటకి కంప్యూటర్ ఏంటి, నాన్న స్విచ్‌బోర్డు దగ్గరే ఆపేస్తారు పది గంటలకి. అయినా ఇబ్బంది లేదు, తర్వాత ఆన్ చేసి ఖాళీగా వదిలినప్పుడు చేసుకుంటుంది. ఇంకో సంగతి, 64 ఎంబీ కంటే పెద్ద ముక్కల్ని ఇది పట్టించుకోదు. మొదట్లో ఇది బద్ధకం అనుకునేవాళ్లు జనం, కానీ ఆలోచిస్తే న్యాయమే, 64 ఎంబీ చదవడానికే అర సెకను పైన పడుతుంది, దాని తర్వాత 13 మిల్లీసెకన్ల గెంతు ఎవడికి తెలుస్తుంది. అందుకే డీఫ్రాగ్లర్ "20 శాతం ఫ్రాగ్మెంటెడ్" అన్నచోట విండోస్ "2 శాతం" అంటుంది, రెండూ అబద్ధం కాదు, లెక్కపెట్టే పద్ధతి వేరు.

ఇప్పుడు డీఫ్రాగ్లర్. సీసీక్లీనర్ చేసిన పిరిఫార్మ్ వాళ్లదే, 2017లో ఆ కంపెనీని అవాస్ట్ కొనేసింది, 2018 తర్వాత దీనికి కొత్త వెర్షన్ చూడలేదు నేను, ఉన్నదే టెన్‌లో కూడా నడుస్తోంది. ఎనలైజ్ అయ్యాక ఫైల్ లిస్ట్ అని ట్యాబు ఉంటుంది, ఏ ఫైలు ఎన్ని ముక్కలైందో పేరుతో సహా చూపిస్తుంది, ముక్కల లెక్క ప్రకారం పైనుంచి కిందకి పేర్చుకోవచ్చు, పైన ఉన్న నాలుగైదింటికి టిక్ పెట్టి అవొక్కటే సరిచెయ్యమంటే అయిపోతుంది. డ్రైవ్ మొత్తానికి రాత్రంతా పట్టేది ఇలా అయితే టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. పైగా లిస్టు చూస్తేనే సగం విషయం తెలిసిపోతుంది, మాకు ఎప్పుడూ పైన ఉండేవి రికార్డింగులు, టోరెంట్లు, అవుట్‌లుక్ మెయిల్ ఫైలు, బ్రౌజర్ కాష్ (బ్రౌజర్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు). కాష్‌ని డీఫ్రాగ్ చేసి ఏం లాభం, రేపటికి మళ్లీ అదే, డిలీట్ చేసెయ్యడమే. చూసేసిన సీరియల్ కూడా అంతే. టిక్ పెట్టాల్సినవి చివరికి రెండో మూడో మిగులుతాయి.

నచ్చనిది కూడా చెప్పాలి. మొత్తం డ్రైవ్ డీఫ్రాగ్ పెడితే చాలా నెమ్మది, మిగిలిన టైము అని చూపించేది అస్సలు నమ్మడానికి లేదు. డ్రైవ్‌ని గళ్ళుగా చూపించే బొమ్మ ఒకటి ఉంటుంది, అది మటుకు వదల్లేం, ఎర్ర గళ్ళు నీలం అవుతుంటే చూస్తూ కూర్చుంటాం, బావ వచ్చినప్పుడల్లా "ఏటి బావా, ఇంకా ఆ గళ్ళే సూస్తన్నావేటి, అన్నం తినవా" అనేవాడు. ఇంకో ముఖ్యమైనది, సీ డ్రైవ్‌లో సిస్టమ్ రిస్టోర్ ఆన్‌లో ఉంటే భారీగా డీఫ్రాగ్ చేసినప్పుడు పాత రిస్టోర్ పాయింట్లు (విండోస్‌ని మళ్లీ పాత స్థితికి తీసుకెళ్లడానికి దాచుకున్నవి) ఎగిరిపోవచ్చు. మామూలుగా క్లస్టర్ సైజు, అంటే డిస్క్ మీద జాగా ఇచ్చే కనీస కొలత, 4 కేబీ ఉంటుంది కదా, ఆ సైజులో ఫైళ్లు జరపడం కూడా ఆ రిస్టోర్ పాయింట్లని దాచే షాడో కాపీకి కొత్త రాతల్లాగే కనపడుతుంది, దానికిచ్చిన జాగా నిండిపోయి పాతవి పోతాయి. కాబట్టి సీ డ్రైవ్‌ని నేను విండోస్‌కే వదిలేశాను, డీఫ్రాగ్లర్ డీ డ్రైవ్‌కి మాత్రమే.

మైడీఫ్రాగ్ ఎక్కువ రాయను. ముందు దాని పేరు జేకేడీఫ్రాగ్, యెరూన్ కెసెల్స్ అనే ఆయన చేసి ఫ్రీగా ఇచ్చాడు. ఎక్కువగా వాడే ఫైళ్లని డిస్క్‌లో వేగంగా చదివే చోటికి, అంటే అంచు వైపుకి, జోన్ల ప్రకారం సర్దుతుంది. బుర్ర ఉన్నవాడు చేసిన సాఫ్ట్‌వేర్ అని తెలుస్తుంది చూస్తేనే. కానీ నెలవారీ స్క్రిప్టు పెడితే పొద్దున లేచేసరికి కూడా అయ్యేది కాదు, అయ్యాక తేడా స్టాప్‌వాచ్ పెట్టుకుంటే తప్ప కనపడేది కాదు. పేరు చెప్పనన్న ఆ ఇంకోటి అయితే, డీఫ్రాగ్‌తో పాటు డ్రైవర్ అప్‌డేటరూ, రిజిస్ట్రీ క్లీనరూ వాటంతటవే దిగిపోయాయి, ఆన్ చేయగానే "మీ పీసీలో వందల సమస్యలు" అని ఎర్రక్షరాలు, డబ్బు కడితే బాగుచేస్తుందట. అదే రోజు తీసేశా.

కరెంటు గురించి మా జిల్లావాళ్లు తప్పకుండా అడుగుతారు. హుద్‌హుద్ తుపాను చూశాం, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు చూశాం, మామూలు ఎండాకాలం కోతలు సరేసరి. డీఫ్రాగ్ మధ్యలో కరెంటు పోతే ఫైళ్లు పోతాయా అంటే, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (విండోస్ డిస్క్ మీద ఫైళ్లు సర్దుకునే పద్ధతి) అలా పోయేలా చెయ్యలేదు. ముక్కని కొత్తచోట కాపీ చేశాకే పాత చోటుని వదులుతుంది, ఏం మార్చిందో లాగ్ రాసుకుంటుంది, మధ్యలో ఆగితే ఫైలు పాతచోటే ఉంటుంది. మాకు చాలాసార్లు మధ్యలో పోయింది, ఒక్క ఫైలూ పోలేదు. కానీ టప్పున ఆగడం డిస్క్‌కే మంచిది కాదు, మా యూపీఎస్ బ్యాటరీ ముసలిదైపోయి ఐదు నిమిషాలు కూడా నిలబడదు, అందుకే మబ్బు పట్టిన రోజు, గాలి తోలిన రోజు మొదలుపెట్టను.

ఇంతకంటే పెద్ద జాగ్రత్త ఒకటుంది. మా వీధిలో ఒకాయన సిస్టమ్ నెమ్మదైపోయింది, ఫోల్డర్ తెరవడానికి నిమిషం, జీటీ రోడ్డులో ఒక షాపతను "డీఫ్రాగ్ కొట్టండి సార్, సెట్టయిపోద్ది" అన్నాడట, నా దగ్గరకొచ్చాడు ఆయన. నేను ముందు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి చూశా, పసుపు రంగులో కాషన్ అని ఉంది, పెండింగ్ సెక్టార్లు (చదవలేకపోతున్న చోట్లు), రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై వేరేచోటికి మార్చినవి) రెండూ పెరుగుతున్నాయి. అంటే డిస్క్ చచ్చిపోతోంది, అది నెమ్మదవడానికి కారణం ముక్కలు కాదు, చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నించడం. అలాంటిదాన్ని డీఫ్రాగ్ చేస్తే ఉన్న డేటా మొత్తాన్ని ఆ డిస్క్ మీదే అటూ ఇటూ ఈడ్చినట్టు, ఉన్న కాస్త ప్రాణం కూడా పోతుంది. ముందు అరసవల్లి రథసప్తమి ఫోటోలు, మనవరాలి అన్నప్రాసన వీడియోలు వేరే డిస్క్‌లోకి లాగాం, కొన్ని ఫైళ్లు రాలేదు, చాలావరకు వచ్చాయి. డీఫ్రాగ్లర్లో కూడా హెల్త్ అని ట్యాబు ఉంది, డీఫ్రాగ్ నొక్కేముందు అది చూడండి, అక్కడ ఏమాత్రం తేడాగా ఉన్నా ముందు కాపీ, తర్వాతే ఇంకేదైనా.

ఎస్‌ఎస్‌డీ సంగతి. కొన్నేళ్ల కిందట సీ డ్రైవ్‌కి 240 జీబీది వేశాం. బూట్ అవడంలో ఇన్నేళ్ల డీఫ్రాగులన్నీ కలిపి ఇవ్వని తేడా అది ఒక్కపూటలో ఇచ్చింది, అంతకుముందు ర్యామ్ 2 నుంచి 4 జీబీ చేసినప్పుడు వచ్చిన తేడా కూడా డీఫ్రాగ్ కంటే ఎక్కువే. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, కదిలే తలా లేదు, ఎక్కడున్న ముక్కైనా దాదాపు ఒకే టైములో వస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని డీఫ్రాగ్ చేస్తే ఊరికే రాతలు పెరుగుతాయి, దానికి రాతల పరిమితి ఉంటుంది. విండోస్ టెన్‌లో ఆప్టిమైజ్ డ్రైవ్స్ తెరిస్తే సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని గుర్తుపట్టి ట్రిమ్ చేస్తుంది, అంటే ఏ బ్లాకుల్లో ఉన్నది ఇక అక్కర్లేదో డ్రైవ్‌కి చెప్పడం, క్షణాల్లో అయిపోతుంది. ఆ షెడ్యూలు ఆపొద్దు, ఆపమని చెప్పే పాత చిట్కాలు ఇంకా తిరుగుతున్నాయి.

ఇప్పుడు మా ఇంట్లో వాడకం ఇంతే: సీ డ్రైవ్ ఎస్‌ఎస్‌డీ, దాన్ని విండోస్ చూసుకుంటుంది. డీ డ్రైవ్ పాత హార్డ్ డిస్క్, పెద్ద కాపీ ఏదైనా మరీ పాకుతున్నట్టు అనిపిస్తే డీఫ్రాగ్లర్ తెరిచి లిస్టు చూసి, ఉంచాల్సిన ఫైలైతే టిక్, లేదంటే డిలీట్. సినిమా చూడటానికైతే ముక్కలున్నా ఏం కాదు, మామూలు వీడియో ఆడటానికి సెకనుకి అర ఎంబీ చాలు, వేల ముక్కలున్నా అంత వేగం వస్తుంది.

మొన్న బావ 1 టీబీ ఎక్స్‌టర్నల్ తెచ్చాడు, పాత ఆల్బమ్‌లు, నిండా ఫైళ్లు, ఖాళీ నాలుగైదు జీబీ కూడా లేదు, డీఫ్రాగ్ చెయ్యమంటాడు. అంత తక్కువ ఖాళీలో ఏ సాఫ్ట్‌వేరూ ఏం చెయ్యలేదు, సర్దడానికి జాగా ఉండాలి కదా. మొత్తం వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, రెండు మూడు ఫోల్డర్లు తెరిచి సరిగ్గా వచ్చాయో లేదో చూసి, దీన్ని ఫార్మాట్ చేసి, తిరిగి కాపీ చేశాం. ఖాళీ డిస్క్ మీద వరసగా రాసుకుంటూ పోతుంది కాబట్టి ముక్కలు ఉండవు, పనిలోపని రెండో కాపీ కూడా తయారైంది. ఆ రెండోది చెరిపెయ్యొద్దని చెప్పి పంపా.