గ్రాంప్స్: మా నాయనమ్మకు మూడు పుట్టిన సంవత్సరాలు

నాన్న పోయిన ఏడాదికి ఆయన బీరువా కింది అర తీశాను. రెండు అట్టపెట్టెల నిండా కాగితాలు. ఉత్తరాలు, స్కూలు సర్టిఫికెట్లు, మడతల దగ్గర చిరిగిన పెళ్లి రిజిస్టర్ నకలు, వెనక పెన్సిల్‌తో పేర్లు రాసిన ఫొటోలు, మా ముత్తాత చేతిరాతతో ఒక చిన్న నోటుపుస్తకం. వీటన్నిటినీ ఒక పద్ధతిలో పెట్టడానికి గ్రాంప్స్ అనే వంశవృక్షం సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఎనిమిది నెలలుగా నా ఆదివారం మధ్యాహ్నాలన్నీ దాని ముందే గడిచాయి. ఇప్పటికి 340 మంది అందులోకి చేరారు. నాకు ఇది ఎంత మేలు చేసిందో, ఎక్కడ ఇబ్బంది పెట్టిందో రెండూ చెబుతాను.

గ్రాంప్స్ ఉచితం. డాన్ ఆలింగ్‌హామ్ 2001లో మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును ఇప్పుడు వాలంటీర్లు నడుపుతున్నారు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. నేను వాడేది 2025లో వచ్చిన 6.0 వెర్షన్. అకౌంట్ తెరవక్కర్లేదు. మనం ఎక్కించినదంతా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది.

దీనికి ముందు ఒక వెబ్‌సైట్‌లో మొదలుపెట్టాను. పేరు, పుట్టిన సంవత్సరం టైప్ చేస్తే చాలు, చక్కటి చెట్టు బొమ్మ తయారయ్యేది. ఒక్క సాయంత్రంలో 60 మందిని ఎక్కించాను. కొన్నాళ్లకు ఆ సైటు, మా నాయనమ్మా ఇంకొకరి చెట్టులో ఉన్న మనిషీ ఒకరే కావచ్చు, కలపమంటారా అని అడిగింది. పేరు ఒకటే, తల్లిదండ్రులూ వాళ్లే. సరేనన్నాను. నెల తర్వాత తెరిచి చూస్తే మా నాయనమ్మ రెండేళ్ల వయసులో చనిపోయినట్టు ఉంది. ఆమెకు ఓ అక్క ఉండేదని, ఆ పాప పసితనంలోనే పోయిందని, అదే పేరు తర్వాత పుట్టిన నాయనమ్మకు పెట్టారని నాకు అప్పటికి తెలియదు. ఇద్దరూ ఒకరైపోయారు. విడదీద్దామంటే ఏ వివరం ఎక్కడి నుంచి వచ్చిందో ఎక్కడా రాసి లేదు. నేను రాసిందీ, అవతలివాళ్లు రాసిందీ కలగాపులగం అయిపోయింది. ఆ రాత్రి నిజంగా ఏడుపొచ్చింది.

అందుకే గ్రాంప్స్ గురించి చెప్పేటప్పుడు చెట్టు బొమ్మ సంగతి నేను చివరికి వదిలేస్తాను. దాని బలం వేరే చోట ఉంది. ఇందులో మనుషులతో పాటు కుటుంబాలు, ఈవెంట్లు, ఊళ్లు, సోర్సులు, సైటేషన్లు, రిపాజిటరీలు, మీడియా, నోట్స్ అని మొత్తం తొమ్మిది రకాల రికార్డులు ఉంటాయి. దేనికి దానికి సొంత నంబరు. మొదటి రెండు ఆదివారాలు ఇన్ని ఎందుకని విసుక్కున్నాను. మా ముత్తాత నోటుపుస్తకం ఎక్కించేటప్పుడు అర్థమైంది.

కాగితం ఎక్కడ ఉందో అది రిపాజిటరీ. నాకది "నాన్న బీరువా, ఒకటో పెట్టె". ఆ నోటుపుస్తకం సోర్స్. అందులో 14వ పేజీ, పైనుంచి మూడో పంక్తి సైటేషన్. ఆ పంక్తిలో ముత్తాత తన కూతురు పుట్టిన రోజు, ఊరు, ఆ పూట ఇంటికి వచ్చినవాళ్ల పేర్లు రాసుకున్నారు. సైటేషన్‌ను ఒక్కసారి తయారు చేశాక నాయనమ్మ పుట్టుకకూ, ఆ ఊరికీ, వచ్చిన ఇద్దరు బంధువులకూ అదే తగిలించాను. ఎప్పుడైనా చదవడంలో పొరపాటు దొరికితే ఒక్క చోట దిద్దితే చాలు, అన్ని చోట్లా మారిపోతుంది. స్కాన్ కూడా ఆ సైటేషన్‌కే తగిలించాను. పేరు మీద నొక్కి, పుట్టుక మీద నొక్కి, సైటేషన్ తెరిస్తే ముత్తాత చేతిరాత కళ్లముందు ఉంటుంది.

నేను చేసిన ఇంకో పని చెబుతాను, ఇది మొదలుపెట్టేవాళ్లకు తప్పకుండా పనికొస్తుంది. గ్రాంప్స్ ఇచ్చిన సోర్స్ నంబరును, ఆ కాగితం దాచిన కవరు మీద పెన్సిల్‌తో రాశాను. కాగితం మీద ఏమీ రాయలేదు, కవరు మీదే. ఇప్పుడు పెట్టెలోంచి ఏ కవరు తీసినా కంప్యూటర్‌లో అది ఎక్కడుందో తెలుస్తుంది. కంప్యూటర్‌లో చూసింది పెట్టెలో వెతకాలన్నా అంతే. నాన్న ఇరవయ్యేళ్లు దాచిన కాగితాలు నాకు దొరికినట్టు, నా తర్వాత వచ్చేవాళ్లకు రెండూ కలిపి దొరకాలి.

ఇక నాయనమ్మ పుట్టిన సంవత్సరం. ముత్తాత నోటుపుస్తకంలో 1931 అని ఉంది. స్కూలు సర్టిఫికెట్‌లో 1934. పెళ్లి రిజిస్టర్ నకలులో, 1952 నాటికి వయసు 19 అని ఉంది, అంటే 1932 గానీ 1933 గానీ కావాలి. ఆ పాత సైటులో ఒక్క గడే ఉండేది, ఒకటి రాస్తే మిగతా రెండూ పోయినట్టే. గ్రాంప్స్‌లో ఒకే మనిషికి మూడు పుట్టుక ఈవెంట్లు పెట్టుకోవచ్చు. జాబితాలో మొదట ఉన్నదాన్నే చార్టుల్లో, రిపోర్టుల్లో చూపిస్తుంది. మిగతావి అలాగే ఉంటాయి. తేదీ రాసేటప్పుడు "సుమారుగా", "ముందు", "తర్వాత", "ఈ రెంటి మధ్య" అనే వీలుంది. అది అంచనానా, లెక్కగట్టిందా అన్నది కూడా విడిగా చెప్పవచ్చు. పెళ్లి రిజిస్టర్ తేదీని "1932, 1933 మధ్య, లెక్కగట్టినది" అని పెట్టాను. కాగితంలో వయసే తప్ప పుట్టిన సంవత్సరం లేదన్న నిజం అలా నిలబడింది.

ప్రతి సైటేషన్‌కూ నమ్మకం ఎంత అన్నది అయిదు మెట్లలో గుర్తుపెట్టవచ్చు, చాలా తక్కువ నుంచి చాలా ఎక్కువ దాకా. నోటుపుస్తకంలో అదే వారంలో తండ్రి రాసుకున్న పంక్తికి పై మెట్టు ఇచ్చాను. సర్టిఫికెట్‌లోది బడిలో చేర్చిన రోజు ఎవరో నోటిమాటగా చెప్పిన వయసు, దానికి కింది మెట్టు. ఎందుకలా అనుకున్నానో ఒక నోట్‌లో నాలుగు వాక్యాలు రాశాను. పదేళ్ల తర్వాత నేనే మర్చిపోతాను కదా.

ఆ పాత సైటులోని 60 మందిని వదిలేయకుండా జెడ్‌కామ్ ఫైలుగా దించుకుని ఇందులోకి తెచ్చాను. ఒక వంశవృక్షం సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి డేటా మార్చడానికి 1980ల నుంచీ వాడుకలో ఉన్న పద్ధతి జెడ్‌కామ్. పేర్లు, తేదీలు వచ్చాయి, ఫొటోలు రాలేదు. ఆ ఫైల్లో ఫొటోల చిరునామాలు మాత్రమే ఉంటాయి, ఫొటోలు ఉండవు. గ్రాంప్స్‌కు అర్థం కాని పంక్తులను పారేయకుండా నోట్స్‌లో పెట్టి చూపించడం నాకు బాగా నచ్చింది. సెట్టింగ్స్‌లో, బయటి నుంచి తెచ్చిన రికార్డులన్నిటికీ ఒక ట్యాగ్ తగిలించమని చెప్పవచ్చు. అలా అందరికీ "చూడాలి" అని ట్యాగ్ పెట్టి, ఒక్కొక్కరికి కాగితం దొరికిన కొద్దీ తీసేస్తూ వచ్చాను. ఇంకా 11 మందికి ఉంది.

కుటుంబాల విషయంలో ఒకటి తప్పక చెప్పాలి. మా చిన్న బాబాయిని పసితనంలోనే ఆయన పెదనాన్నగారు దత్తత తీసుకున్నారు. గ్రాంప్స్‌లో ఒకే మనిషికి రెండు జతల తల్లిదండ్రులను పెట్టవచ్చు. కన్నవాళ్లా, దత్తత తీసుకున్నవాళ్లా అన్నది తండ్రికి వేరుగా, తల్లికి వేరుగా రాయవచ్చు. బాబాయికి ఆ పేజీ చూపించినప్పుడు, "ఇద్దరమ్మలూ ఉన్నారన్నమాట" అని చాలాసేపు స్క్రీన్ వంకే చూస్తూ కూర్చున్నారు.

చుట్టరికం లెక్కగట్టే సాధనం కూడా ఉంది. ఇద్దరి పేర్లు ఇస్తే వరస చెబుతుంది. నేను ఇంగ్లీషులో వాడుతున్నాను కాబట్టి పెద్దమ్మ, పిన్ని, మేనత్త అందరూ ఆంటీలే అయిపోయారు. ఎన్ని తరాల దూరమో తెలుసుకోవడానికి పనికొస్తుంది గానీ, పిలిచే వరస మనమే చూసుకోవాలి. పేర్లు మాత్రం తెలుగులో హాయిగా రాసుకోవచ్చు. ప్రత్యామ్నాయ పేర్ల కింద సర్టిఫికెట్‌లోని ఇంగ్లీషు స్పెల్లింగు, పెళ్లికి ముందు ఇంటిపేరు, ఇంట్లో పిలిచే పేరు అన్నీ పెట్టాను.

ఇబ్బందుల్లో మొదటిది, విండో మీద విండో. మనిషిని తెరిచి, అందులోంచి ఈవెంట్, అందులోంచి సైటేషన్, అందులోంచి సోర్స్ తెరిస్తే నాలుగు విండోలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఏది సేవ్ చేశామో, ఏది చేయలేదో మొదట్లో టెన్షన్‌గా ఉంటుంది. ఇప్పుడు ముందు సోర్స్, తర్వాత సైటేషన్ తయారు చేసుకుని, ఆ తర్వాతే మనిషి దగ్గరికి వెళ్తున్నాను. గ్రాంప్స్‌లోని క్లిప్‌బోర్డులో సైటేషన్‌ను ఉంచుకుని ఎక్కడ కావాలంటే అక్కడికి లాగి వదలవచ్చు. ఇది తెలిశాక పని సగానికి తగ్గింది. పొరపాటు చేస్తే వెనక్కి తీసుకోవచ్చు, కానీ ప్రోగ్రాం మూసేసే దాకానే. మూసేశాక ఆ చరిత్ర పోతుంది.

రెండోది ఫొటోలు. గ్రాంప్స్ ఫొటోను తనలోకి తీసుకోదు, అది ఏ ఫోల్డర్‌లో ఉందో మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. మూడో నెలలో నేను ఫోల్డర్ పేరు మార్చాను. 200కు పైగా స్కాన్లు ఒక్కసారి మాయమయ్యాయి, గుండె ఆగినంత పనైంది. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, పాత పేరు తిరిగి పెట్టగానే వచ్చాయి. మీరు మొదటి రోజే అన్ని స్కాన్లకూ ఒకే ఫోల్డర్ పెట్టుకుని, సెట్టింగ్స్‌లో అదే మీడియా ఫోల్డర్ అని చెప్పి, ఇక ముట్టుకోకండి. బ్యాకప్ సంగతీ ఇలాంటిదే. తనంతట తాను తీసుకునే బ్యాకప్‌లో ఫొటోలు ఉండవు. ఫొటోలతో సహా కావాలంటే గ్రాంప్స్ ప్యాకేజ్‌గా మనమే ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. నెలకోసారి చేసి, ఒక కాపీ మా చెల్లెలి దగ్గర ఉంచుతున్నాను. కొత్త వెర్షన్‌కు మారే ముందు మాత్రం బ్యాకప్ తప్పనిసరి. కొత్తదాంట్లో తెరిచి మార్చిన డేటాను పాత వెర్షన్ తెరవలేదు.

ఫోన్‌లో పనిచేయదు. ఇద్దరు ఒకేసారి కూర్చుని రాయడానికీ కుదరదు. అలా కావాలంటే గ్రాంప్స్ వెబ్ అని వేరే ఉంది, దానికి సర్వర్ కావాలి. నేను దాని జోలికి వెళ్లలేదు. బంధువులకు పంపాలంటే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు బతికి ఉన్నవాళ్ల వివరాలు దాచమని అడగవచ్చు. మరణం నమోదు కాకపోతే, మామూలుగా 110 ఏళ్ల లోపువాళ్లను బతికి ఉన్నవాళ్లుగానే లెక్కవేస్తుంది. తాళం గుర్తు నొక్కి ఏ రికార్డునైనా ప్రైవేట్ చేయవచ్చు. రెండు ఉత్తరాలకు నేనలా తాళం వేశాను.

ఒక్క సాయంత్రంలో గోడకు తగిలించే వంశవృక్షం కావాలంటే ఇది మీకు కాదు. చార్టులు చదవడానికి బాగానే ఉంటాయి గానీ చూడముచ్చటగా ఉండవు. పెట్టె నిండా కాగితాలు ఉండి, ఒక్కొక్కటీ తీసి చదివే ఓపిక ఉంటే, నేను వాడినవాటిలో దీనికి సాటి లేదు. అయిదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ సగం విండోల కోసం తగ్గించాను.

పోయిన నెల ఒక ఫొటో ఎక్కించాను. కుర్చీ పక్కన నిలబడిన రెండేళ్ల పాప. వెనక నాయనమ్మ పేరు ఉంది. మా ఇంట్లో అందరూ అది నాయనమ్మ ఫొటో అనే చెప్పేవాళ్లు, ఆమె పోయిన రోజు కూడా దాన్నే పెద్దది చేయించి పెట్టారు. ఫొటో వివరాల్లో తేదీ రాద్దామని అట్ట మూల చూస్తే స్టూడియో ముద్ర కింద 1928 అని ఉంది. నాయనమ్మ పేజీలో మొదటి పంక్తి, పుట్టుక, 1931. నోటుపుస్తకం సైటేషన్ తెరిచి మళ్లీ చదివాను, తేడా లేదు. ఫొటోను నాయనమ్మ రికార్డు నుంచి తీసి ఆ అక్కకు తగిలించాను. అప్పటిదాకా ఆ పాప రికార్డులో పేరు, ఒక మరణం తేదీ తప్ప ఏమీ లేవు. మేనత్తకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ ఆ ఫొటో చూసినప్పుడల్లా అది నేను కాదే అనేది, మేం వినలేదు" అంది. ఆ మాటను, చెప్పిన తేదీతో సహా, కొత్త సోర్స్‌గా ఎక్కించాను.