బ్యాటరీ అమ్మకుండా మీటరు పెట్టిన మేస్త్రి: ఆటోనగర్ ఆటో ఎలక్ట్రికల్ షాపుపై నా రివ్యూ

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక సందులో ఉన్న ఈ ఆటో ఎలక్ట్రికల్ షాపుకు నా కారును రెండు రోజులు అప్పగించాను. అంతకు ముందు ఇదే జబ్బుకు, అంటే నిలిపి ఉంచిన బండిలో బ్యాటరీ దిగిపోవడానికి, ఒకసారి తప్పుడు పద్ధతిలో జంప్ స్టార్ట్ (వేరే బండి బ్యాటరీ నుంచి కేబుళ్లతో కరెంటు ఇచ్చి స్టార్ట్ చేయడం) చేయించుకుని, ఆపైన అవసరం లేని కొత్త బ్యాటరీ కొని దాదాపు ఆరు వేల రూపాయలు పోగొట్టుకున్నాను. ఆ అనుభవం మరొకరికి రాకూడదన్న ఉద్దేశంతోనే షాపు పనితో పాటు, బండికి అసలు ఏమైందో కూడా వివరంగా రాస్తున్నాను.

మేముండేది లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల. కారు 2020లో కొన్న చిన్న పెట్రోలు బండి, బ్యాటరీ 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యానికి కొలత). ఇంటి నుంచే పని చేస్తున్నందువల్ల ఒక వారం నాలుగు రోజుల పాటు బండి తీయలేదు. ఐదో రోజు తెల్లవారుజామున గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దిగే అమ్మను తీసుకురావడానికి సెల్లారులోకి వెళ్లి తాళం తిప్పితే టిక్ టిక్ మన్న శబ్దం తప్ప ఏమీ రాలేదు. అమ్మ ఆటోలో వచ్చేసింది. తొమ్మిది గంటలకు ఫోన్ చేస్తే ఒక మెకానిక్ తన బండిలో జంపర్ కేబుళ్లు వేసుకుని వచ్చాడు.

అతను చేసిన పని నా కళ్ల ముందే జరిగింది. సెల్లారు చీకట్లో టార్చి కూడా వేయకుండా, మా బ్యాటరీ మీద ఏది ప్లస్సో ఏది మైనస్సో సరిగ్గా చూడకుండా క్లిప్పు తగిలించాడు. టప్పుమని పెద్ద నిప్పురవ్వ లేచింది. వెంటనే క్లిప్పులు మార్చి పెట్టి తన బండి యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. మా ఇంజన్ అందుకోగానే, రెండు బండ్లూ హోరుమంటుండగానే కేబుళ్లు లాగేశాడు. డ్యాష్‌బోర్డు మీద స్టీరింగు లైటు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగి ఆరలేదు. అడిగితే బ్యాటరీ పోయిందని, కొత్తది వేస్తే అన్నీ సర్దుకుంటాయని చెప్పాడు. ఆ మాట నమ్మి ఆ రోజే కొత్త బ్యాటరీ వేయించాను. రెండు వారాల తర్వాత మూడు రోజులు బండి తీయకపోయేసరికి కొత్త బ్యాటరీ కూడా పడుకుంది.

అప్పుడు మా పై అంతస్తు మాస్టారు ఈ షాపు పేరు చెప్పారు. మూడుసార్లు చేస్తే గానీ ఫోన్ ఎత్తలేదు. ఎత్తిన మేస్త్రి మాత్రం మొదట అడిగిన మాట ఇది: "బండిని ఎవరైనా జంప్ చేశారా సార్?" చేశారని చెప్పాను. "అయితే మళ్లీ ఎవరినీ ముట్టుకోనివ్వకండి. మా కుర్రాడు చార్జింగ్ ఉన్న బ్యాటరీ తెచ్చి, అది బిగించి బండి తీసుకొస్తాడు" అన్నారు. దానికి 600 రూపాయలు తీసుకున్నారు. ఆ ఖర్చు న్యాయమైనదేనని నా అభిప్రాయం.

ఈ షాపును నేను మెచ్చుకునేది ముఖ్యంగా కొలత విషయంలో. మా బ్యాటరీని మొదట నెమ్మదిగా, దాని సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే మూడున్నర ఆంపియర్లతో రాత్రంతా చార్జింగ్ పెట్టారు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని జంప్ చేసి రోడ్డు మీద తిప్పితే నిండుతుందని చాలామంది అనుకుంటారు గానీ, ఆల్టర్నేటరు (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు తయారు చేసే యంత్రం) ఉన్నది నిండుగా ఉన్న బ్యాటరీని నిండుగా ఉంచడానికేనని, ఖాళీ బ్యాటరీ భారమంతా దాని మీద వేస్తే వేడెక్కి దెబ్బ తింటుందని మేస్త్రి చెప్పారు. మర్నాడు ఉదయం, కాసేపు ఆగాక, మీటరు 12.6 వోల్టులు చూపించింది. బ్యాటరీలో ఏ లోపమూ లేదు. తొందరపడి తీసేసిన నా పాత బ్యాటరీ కూడా బహుశా ఇలాగే లేచి ఉండేదన్న ఆలోచన నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

తర్వాత బండి నిద్రపోతున్నప్పుడు ఎంత కరెంటు తాగుతోందో చూశారు. ఈ కాలపు కార్లలో తాళం తీసిన వెంటనే కంప్యూటర్లన్నీ ఆగిపోవు, ఒక్కొక్కటిగా నిద్రలోకి జారుకుంటాయి. అందుకని డ్రైవరు తలుపు తెరిచే ఉంచి, దాని లాకు నాలుకను స్క్రూడ్రైవరుతో మూసిన స్థితికి తిప్పి, తలుపు మూసి ఉందని బండిని నమ్మించి, నలభై నిమిషాలు ఎవరినీ దాని దగ్గరికి రానివ్వలేదు. ఆ తర్వాత మీటరులో 0.46 ఆంపియర్లు కనిపించాయి. సాధారణంగా 0.05 దాటకూడదు. 0.46 అంటే రోజుకు 11 ఏహెచ్, అంటే మూడు రోజుల్లో 35 ఏహెచ్ బ్యాటరీ దాదాపు ఖాళీ. నా రెండు వారాల అయోమయం ఆ ఒక్క అంకెతో తీరిపోయింది.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూస్తే నిద్రపోయిన కంప్యూటర్లు మళ్లీ లేస్తాయని, పీకకుండానే ఫ్యూజు రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు చూసుకుంటూ వెళ్లారు; కరెంటు పారుతున్న ఫ్యూజు మీదే ఆ కొద్దిపాటి వోల్టేజి కనిపిస్తుంది. నేను బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరా ఫ్యూజు దగ్గర మీటరు ముల్లు కదిలింది. బిగించినవాళ్లు దాని వైరును తాళంతో ఆరిపోయే లైనుకు కాకుండా ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకు కలిపేశారు. దాన్ని తీసేస్తే 0.12కు దిగింది. అక్కడితో చాలామంది ఆపేస్తారు. ఈయన ఆపలేదు. ఆల్టర్నేటరు మీదికి వచ్చే లావు వైరు విప్పితే మీటరు 0.03 చూపించింది. ఆల్టర్నేటరులో ఒక డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) కాలిపోయి, ఆగి ఉన్న బండిలో కరెంటును వెనక్కి లాగేస్తోందన్న మాట.

డయోడ్ ఎందుకు కాలిందో అడిగాను. క్లిప్పులు తారుమారైన ఆ ఒక్క క్షణం కావచ్చు, హోరుమంటున్నప్పుడు కేబుళ్లు లాగేయడం కావచ్చు; ఆ రెండింటిలో ఏదని ఆయన తేల్చి చెప్పలేదు. చూడని దానిని చూసినట్టు చెప్పకపోవడం నాకు నచ్చింది. ప్లస్, మైనస్ తారుమారైతే ఆల్టర్నేటరు డయోడ్ల గుండా కరెంటు అడ్డూ అదుపూ లేకుండా పారుతుంది. ఇక చార్జింగ్ జోరుగా నడుస్తుండగా భారం ఒక్కసారిగా తొలగిపోతే, ఆల్టర్నేటరు తగ్గేలోపు లైనులో వోల్టేజి ఒక్క ఉదుటున పైకి లేస్తుంది. ఇంజన్ నడుపుతూ బ్యాటరీ వైరు పీకితే అది ఇంకా తీవ్రంగా, కొన్ని పదుల వోల్టుల మేర ఉండవచ్చు. పాత కార్లు ఇలాంటివి కొంత ఓర్చుకున్నాయి గానీ, స్టీరింగు నుంచి బ్రేకుల దాకా కంప్యూటర్లే ఉన్న నేటి బండికి అది పెద్ద గండమే.

బల్ల కింది రేకు డబ్బాలోంచి తీసి ఆయన నాకొక బోర్డు చూపించారు. అరచేతిలో పట్టేంత ఆకుపచ్చ బోర్డు, ఒక మూల బొగ్గులా నల్లబడి, అక్కడి చిప్పు పైకప్పు పగిలిపోయి ఉంది. ఎవరో తన కారును లారీ బ్యాటరీలతో జంప్ చేయించుకున్నారట. లారీలలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు ఉంటాయి. ఆటోనగర్‌లో ఎటు చూసినా లారీలే కాబట్టి, సాయం చేద్దామని మంచి మనసుతో ముందుకొచ్చే డ్రైవర్లు ఎక్కువే. దయచేసి వద్దని చెప్పండి.

స్టీరింగు లైటు కథ వేరు. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు లగ్గు (వైరు కొసన బోల్టుకు బిగించే రేకు) దగ్గర తొడుగు కోసి చూపిస్తే, లోపలి రాగి తీగలు పచ్చగా పొడిపొడిగా రాలిపోతున్నాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ ఒక్క వైరు మీదే దాదాపు ఒక వోల్టు పోతోంది. 0.2 దాటితేనే అనుమానించాలట. బీచ్ రోడ్డు వైపు నుంచి వచ్చే బండ్లలో ఉప్పు గాలి వల్ల ఇది తరచుగా చూస్తామని, వోల్టేజి పడిపోయినప్పుడల్లా ఏబీఎస్, స్టీరింగు కంప్యూటర్లు లేని జబ్బులు చెబుతాయని అన్నారు. కొత్త వైరు వేసి, బాడీ మీద పెయింటు గీకి బిగించి, టెర్మినళ్లకు వాజలీన్ రాశారు. లైట్లు రెండూ ఆరిపోయాయి.

జంప్ తప్పనిసరైతే ఎలా చేయాలో తన కుర్రాడితో చేయించి మరీ చూపించారు. ఎర్ర కేబుల్ ముందు మన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత సాయం చేసే బండి ప్లస్‌కు. నల్ల కేబుల్ వాళ్ల మైనస్‌కు, చివరి క్లిప్పు మాత్రం మన బ్యాటరీకి కాకుండా దానికి దూరంగా ఇంజన్ మీది పెయింటు లేని ఇనుముకు. చివరి క్లిప్పు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ చేరి ఉండవచ్చు, గాలిలో అది 4 శాతం ఉన్నా అంటుకుంటుంది. బ్యాటరీ పేలితే ముఖం మీద పడేది గంధకామ్లం. ఈ సంగతి చెబుతున్నంత సేపూ ఆయన గొంతు తగ్గించలేదు, కుర్రాడు కళ్లద్దాలు తీయలేదు. ఉబ్బిన, కారుతున్న, కుళ్లిన గుడ్ల వాసన వేస్తున్న బ్యాటరీని అసలు జంప్ చేయకూడదన్నారు. చేతిలో పట్టే లిథియం జంప్ ప్యాకులు తారుమారైనా కాపాడతాయి గానీ, వాటి మీది బూస్ట్ బటన్ నొక్కితే ఆ కాపలా పోతుందని కూడా హెచ్చరించారు.

లోపాలు కూడా చెప్పాలి. కూర్చోవడానికి ఒక స్టూలు తప్ప ఏమీ లేదు, మధ్యాహ్నం రేకుల కింద వేడి భరించడం కష్టం. ఫోన్ సంగతి ముందే చెప్పాను. బిల్లు మొదట తెల్లకాగితం మీద అంకె మాత్రమే వేసి ఇచ్చారు. గట్టిగా అడిగిన మీదట పని వివరాలు, కొత్తగా వేసిన డయోడ్ ప్లేటుకు ఆరు నెలల హామీ రాసి సంతకం పెట్టారు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లు మాత్రం వీళ్లు తీసుకోరు.

కుర్రాడి చార్జీ కాక, పరీక్షతో సహా మొత్తం 4,200 రూపాయలయింది. నెల దాటింది. మొన్న కావాలనే నాలుగు రోజులు బండి తీయకుండా ఉంచి, కొత్తగా కొన్న మీటరు పెట్టి చూశాను. 12.5 చూపించింది, తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది.