ఇసబ్గోల్ పొట్టు: నెల రోజులు వాడాక నా రివ్యూ

నాలుగు రోజులు మోషన్ అవ్వలేదండీ, కొత్తావకాయ సీజను, నీళ్లు తాగేది తక్కువ, రోజంతా కుర్చీలోనే. మెడికల్ షాపులో గొంతు తగ్గించి అడిగితే అతనేమో షాపంతా వినబడేలా "అవ్వట్లేదా, ఎక్కువ అవుతున్నాయా?" అన్నాడు, పరువు పోయింది. బైసాకోడిల్ 5 మి.గ్రా. బిళ్ల ఇచ్చాడు, నేను అలవాటు కొద్దీ రాత్రి పాలతో మింగేశా. అదే తప్పంట, దాని పైపూత పేగుల్లోకి వెళ్లాకే కరగాలి, పాలతో అయితే కడుపులోనే కరిగిపోద్ది. తెల్లారగట్ల మూడింటికి పొట్టలో ఒకటే మెలిపెట్టుడు, పనైతే అయింది గానీ ఆ రోజు లీవే.

తర్వాత అమ్మ పోరు పడలేక, మోషన్ సాఫీగా అవ్వడానికి వాడే గింజల పొట్టు ఇసబ్గోల్‌కి మారా. రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే గటగటా తాగెయ్యాలి, ఫోనొచ్చిందని పక్కన పెట్టానా, ఐదు నిమిషాల్లో గంజిలా జిగురుకట్టి చెంచాకి వేలాడింది, యాక్. రుచీ పచీ ఏం ఉండదు. మొదటిరోజు ఏమీ లేదు, మూడోరోజు పొద్దున్న హాయిగా అయింది, మెలిపెట్టుడు లేదు. మొదటి వారం గ్యాస్ మాత్రం ఉంది. నీళ్లు తక్కువ తాగితే ఇంకా బిగుసుకుపోద్ది, జాగ్రత్త. షుగరున్నోళ్లు ఫ్లేవరువి కాకుండా సాదా పొట్టే కొనండి. రక్తం పడినా, నొప్పి ఎక్కువున్నా సొంత వైద్యం వద్దు, డాక్టర్ దగ్గరికెళ్లండి. నాలుగు స్టార్లు, ఒకటి ఆ జిగురుకి కట్.