పెద్దాయన పసరా, సంతలో పొడా, లేబులున్న సీసానా: ఏది మేలు?

మా కోనసీమలో పచ్చకామెర్లు వస్తే చాలా ఇళ్ళలో ముందు గుర్తొచ్చేది పసరు పోసే పెద్దాయనే. మా ఊళ్ళోనూ ఒకాయన ఉండేవారు. చేలగట్ల మీది నేల ఉసిరి, కాలవ ఒడ్డు గుంటగలగర తెచ్చి నూరి పరగడుపున పోసేవారు. డబ్బు అడిగేవారు కాదు. "నూనె మానేయండి. వారంలో కళ్ళు తేటపడకపోతే కాకినాడ తీసుకెళ్ళిపోండి" అనేవారు. ఆ రెండో మాట విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

హెపటైటిస్-ఎ అనే కాలేయ వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. కానీ పిత్తనాళంలో రాయి అడ్డుపడినా కళ్ళు అలాగే పచ్చబడతాయి. అప్పుడు పసరు తాగుతూ గడిపిన ప్రతి రోజూ నష్టమే.

సంతలో పొడి సంగతి వేరు. మా అమ్మ మోకాళ్ళ నొప్పులకు ఒక పొట్లం కొంది. రెండు రోజుల్లో నొప్పి పోయింది, చకచకా నడిచింది. రెండు నెలలకు ముఖం ఉబ్బింది, షుగరు పెరిగింది. స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చని, ఒక్కసారిగా మానితే ప్రమాదమని చెప్పి డాక్టరు గారు జాగ్రత్తగా తగ్గించుకుంటూ వచ్చారు. ఎవరినైనా అడుగుదామంటే పొట్లం మీద పేరు లేదు, ఊరు లేదు. అమ్మినవాడు మళ్ళీ ఆ సంతకు రాలేదు.

చట్టం ఈ రెండింటినీ ఒకేలా చూడదు. 1940 నాటి ఔషధ చట్టం ప్రకారం ఆయుర్వేద మందు తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. తన రోగుల కోసమే మందు చేసుకునే వైద్యుడికి మాత్రం మినహాయింపు ఉంది. అలాగని ఎవరైనా వైద్యుణ్ణని కూర్చోవచ్చని కాదు. గుర్తింపున్న అర్హత, రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు వైద్యం చేయకూడదని కేరళ పారంపర్య వైద్యుల కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. షుగరు, క్యాన్సర్ లాంటివి నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి మందుల ప్రకటనల చట్టం ప్రకారమే నేరం.

మరి లేబులున్న ఆయుర్వేద మందు సీసా? లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, దినుసుల జాబితా, తయారీ తేదీ, చిరునామా ఉంటాయి కాబట్టి తేడా వస్తే పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటాడు. నేను దీన్ని ఎంచుకునేది అందుకే. అంతకు మించి నమ్మను. పాత గ్రంథాల్లో చెప్పిన మందును ఉన్నదున్నట్టు చేస్తే, రోగుల మీద కొత్తగా పరీక్షలు చేయకుండానే లైసెన్సు వస్తుంది. లేబులుంటే పనిచేస్తుందని కాదు, ఎవరు చేశారో తెలుస్తుందని మాత్రమే.

ఊరి వైద్యులందర్నీ ఆపించేయాలనేవాళ్ళతో నేను ఏకీభవించను. పెద్దాయన్ని ఆపితే పసరు ఆగదు, పెరట్లోకి వెళ్తుంది. రోగి తాగిన సంగతి డాక్టరుకు చెప్పడం మానేస్తాడు. ఊరి వైద్యుల నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పథకం, నాణ్యతా ప్రమాణాలు చూసే క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే సంస్థకు ఉంది. అది వైద్యం చేయడానికి లైసెన్సు కాదు. అయినా ఏ రోగిని తాకకూడదో నేర్పడానికి అది పనికొస్తుందని నా ఆశ. తనిఖీల జోరంతా సంతల్లో, బస్టాండుల్లో పేరులేని పొట్లాల మీద చూపాలి.

ఒక్క విషయంలో మాత్రం పోలికే లేదు. కోతల్లో, ఊడ్పుల్లో పాము కరిస్తే వేరూ వద్దు, పసరూ వద్దు, మంత్రమూ వద్దు. కరిచిన కాలు కదపకుండా, గట్టిగా తాడు బిగించకుండా, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ప్రభుత్వాసుపత్రికి వెంటనే బయల్దేరాలి. మా పెద్దాయన కూడా పాము కేసు వస్తే గడప లోపలికి రానిచ్చేవారు కాదు, ఆటో పిలిపించేవారు.